పని ముగిశాక పది నిమిషాలు

1979 ఆగస్టు 10వ తేదీన, అప్పటి నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట నుంచి ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు తొలిసారి నింగికెగిరింది. మొదటి దశ చక్కగా పనిచేసింది. రెండవ దశలో అదుపు తప్పి, అయిదు నిమిషాల పైచిలుకులో బంగాళాఖాతంలో కూలిపోయింది. ఏళ్ల తరబడి పడిన శ్రమ నీటిపాలయింది.

మర్నాడే డెబ్బయి మందికి పైగా శాస్త్రజ్ఞులు సమీక్షకు కూర్చున్నారు. తరువాత ఒక సంఘం లోతుగా పరిశీలించింది. మలినం అడ్డుపడి ఒక వాల్వు మూసుకోలేదనీ, రెండవ దశను అదుపుచేయడానికి ఉంచిన నైట్రిక్ ఆమ్లం ప్రయోగానికి ముందే చాలావరకు కారిపోయిందనీ తేలింది. ఆనాడు పత్రికలవారి ఎదుట బాధ్యతనంతా ఇస్రో అధిపతి సతీష్ ధావన్ గారు తన మీద వేసుకున్నారని ప్రాజెక్టు నాయకుడు అబ్దుల్ కలాం గారే పలుమార్లు చెప్పారు. 1980 జూలై 18న అదే రకం రాకెట్టు 35 కిలోల రోహిణిని కక్ష్యలో నిలిపింది.

పెద్దలు ఇలా కాపు కాస్తేనే కిందివారు నిజం చెబుతారు. కువైట్‌లో మనకిది మరీ అవసరం. రిఫైనరీ షిఫ్టులోనైనా, ఆసుపత్రి వార్డులోనైనా తెలుగువారి పక్కన మలయాళీలు, ఈజిప్షియన్లు, ఫిలిప్పినోలు ఉంటారు. భాష తడబాటు ఒకటి, అకామా కంపెనీ చేతిలో ఉందన్న జంకు మరొకటి. లీకేజీ చూసిన టెక్నీషియన్ నోరు విప్పకపోతే నష్టం అందరిదీ.

పద్ధతి సులువే. ఆ రోజే, పది నిమిషాలు, నాలుగు ప్రశ్నలు: ఏం చేయాలనుకున్నాం? ఏం జరిగింది? తేడా ఎందుకు వచ్చింది? ఈసారి ఎవరు ఏం మారుస్తారు? “ఎవరి తప్పు?” అన్నది ఇందులో లేదు. చిన్న ఉద్యోగి ముందు మాట్లాడాలి, అధికారి చివర. జవాబులు రాసిపెట్టి, మళ్లీ పని మొదలుపెట్టేముందు చదవాలి.

ఇది ఒట్టి ఉపదేశం కాదు. ఇటువంటి సమీక్షలపై జరిగిన అధ్యయనాలను 2013లో టానెన్‌బామ్, సెరాసోలి అనే పరిశోధకులు కలిపి చూడగా, పనితీరు సగటున 20 నుంచి 25 శాతం మెరుగయినట్లు తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన శస్త్రచికిత్స జాబితాలోనూ, రోగిని థియేటర్ నుంచి తరలించేముందు డాక్టర్లు, నర్సులు కలిసి మాట్లాడుకోవాలని ఉంది.

మన ఉగాది సంబరాలకూ ఈ నాలుగు ప్రశ్నలు వేసుకుంటే మంచిది. సాంబారు చాలలేదన్న మాట ఇంటికెళ్లి అనుకుంటే దెప్పుడు అవుతుంది. ఆ రాత్రే అందరం కూర్చుని రాసుకుంటే, మరుసటి ఏటికి మరో గిన్నె అవుతుంది.