ఆటలో అరటిపండు కాకుండా: ఆటిజం గల వయోజనులతో ఆటల సహరూపకల్పన – కొల్లేటి ప్రాంత నేపథ్యం

వ్యాససంగ్రహం:
ఆటిజం గల వయోజనులకు సాంగత్యాన్ని సమకూర్చే ఆటలను వారితో కలిసి రూపొందించే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ఆటిజం గురించి మారిన అవగాహన, సహరూపకల్పన అనే భావన పుట్టుక, దివ్యాంగుల హక్కుల చట్టం–2016 పరిశోధకులకు విధించిన నియమాలు ఇందులో పరిశీలించబడ్డాయి. అష్టాచెమ్మా, పులిమేక, వామనగుంటలు వంటి దేశీయ క్రీడల నిర్మాణం ఈ పనికి ఎలా ఉపకరిస్తుందో ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల పరిసరాలను దృష్టిలో ఉంచుకొని చర్చించడం వ్యాసోద్దేశం.

కీలకపదాలు: ఆటిజం, వయోజనులు, సహరూపకల్పన, దేశీయ క్రీడలు, కొల్లేరు, సాంగత్యం.

1. ప్రవేశిక:
తెలుగునాట పిల్లల ఆటల్లో “ఆటలో అరటిపండు” అనే మాట ఉంది. మరీ చిన్నపిల్లవాడు తనూ ఆడతానని పట్టుబడితే, పెద్దపిల్లలు కాదనలేక చేర్చుకుంటారు. అతడు పరుగెత్తుతాడు, కేకలు వేస్తాడు; కాని దొరికినా దొంగ కాడు, గెలిచినా లెక్కలోకి రాడు. ఆ మాటలో వాత్సల్యం ఉంది, వెలి కూడా ఉంది. ఆటిజం గల పెద్దవారి విషయంలో కుటుంబం, బడి, పరిశోధనరంగం చూపుతున్న ఆదరణ చాలావరకు ఈ కోవకే చెందుతుంది. వారిని కూర్చోబెడతారు, నియమాలు మాత్రం ఇతరులు నిర్ణయిస్తారు.

చట్టప్రకారం ఉచిత విద్యకు హక్కు 6 నుండి 18 ఏళ్ల వరకే. ప్రత్యేక శిక్షణలు, చికిత్సలు అధికభాగం బాల్యాన్ని ఉద్దేశించినవే. బడి ముగిసిన తరువాత, ఆ వ్యక్తి ఎవరితో పొద్దుపుచ్చుతాడు, ఎవరితో నవ్వుకుంటాడు అన్న ప్రశ్నకు సమాధానం ఇంటి గడప దాటడం లేదు. ఈ లోటును పూరించడంలో ఆటకున్న పాత్ర ఇక్కడ వివేచనీయాంశం.

2. ఆటిజం – మారిన అవగాహన:
“ఆటిజం” అనే మాటలో తెలుగు చెవికి “ఆట” వినిపించడం కేవలం యాదృచ్ఛికం. ‘తాను’ అనే అర్థమిచ్చే గ్రీకు ‘ఆటోస్’ దానికి మూలం. తనలో తాను ఉండిపోవడం అనే భావన పేరులోనే స్థిరపడింది. 1943లో లియో కానర్ 11 మంది పిల్లలను పరిశీలించి వెలువరించిన వ్యాసంతో ఈ స్థితికి ప్రత్యేకమైన గుర్తింపు వచ్చింది. ఆ పిల్లలలో మొదటివాడైన డొనాల్డ్ ట్రిప్లెట్ అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో తన సొంత ఊరిలోనే బ్యాంకు ఉద్యోగం చేసి, గోల్ఫ్ ఆడుతూ, 2023లో 89వ ఏట మరణించారు. ఆటిజం బాల్యంతో ముగిసేది కాదనీ, ఊరు తన మనిషిగా స్వీకరించినప్పుడు వయోజన జీవితంలో ఆటకు సహజంగానే చోటు దొరుకుతుందనీ ఆయన జీవితం నిరూపిస్తున్నది.

ఆటిజం గలవారికి ఎదుటివారి మనసు అర్థం కాదన్న అభిప్రాయం చాలాకాలం చెలామణి అయింది. 2012లో డేమియన్ మిల్టన్ దీనిని ప్రశ్నించి, అపార్థం రెండువైపులా ఉందని ప్రతిపాదించారు. మిల్టన్ స్వయంగా ఆటిజం గల పండితుడు. 2020లో కేథరిన్ క్రాంప్టన్ బృందం ఒక కథను వరుసగా 8 మంది ఒకరి నుండి మరొకరికి చెప్పుకొనే ప్రయోగం చేసింది. అందరూ ఆటిజం గలవారైన వరుసలోనూ, అందరూ ఆటిజం లేనివారైన వరుసలోనూ కథ సమానంగా నిలిచింది. ఇద్దరూ కలిసిన వరుసలో ఎక్కువగా జారిపోయింది. 2025లో మరింత పెద్ద సమూహంతో జరిగిన అధ్యయనంలో మిశ్రమ వరుసలు కూడా వెనుకబడలేదు. రెండు ఫలితాలలోనూ ఒక అంశం సమానం: సమాచారాన్ని అందించడంలో ఆటిజం గలవారు తీసిపోలేదు. కాబట్టి ఆట లక్ష్యం వారిని ‘సరిదిద్దడం’ కారాదు. ఇరుపక్షాలూ సుఖంగా కలుసుకోగల చోటును ఏర్పరచడం కావాలి.

3. సహరూపకల్పన – భావన:
ఒక వస్తువును వాడబోయేవారే దాని తయారీలో నిర్ణేతలుగా పాల్గొనడం సహరూపకల్పన. 1970ల తొలినాళ్లలో నార్వే దేశపు లోహపరిశ్రమ కార్మికసంఘం, గణకశాస్త్రవేత్త క్రిస్టెన్ నైగార్డ్‌తో కలిసి, కర్మాగారాలలోకి వస్తున్న కంప్యూటర్ వ్యవస్థలపై కార్మికుల మాట చెల్లాలని చేసిన కృషి ఈ పద్ధతికి ఒక ముఖ్యమైన మూలం. అంటే దీని పుట్టుక సౌందర్యం కోసం కాదు, అధికారం పంపకం కోసం. తమ ప్రమేయం లేకుండా తమ గురించి ఏ నిర్ణయమూ జరగరాదన్న దివ్యాంగుల ఉద్యమనినాదం కూడా ఇదే కోరుతున్నది.

సంప్రదించడానికీ, సహరూపకల్పనకూ భేదం ఇక్కడే ఉంది. తయారైన ఆటను చూపి “బాగుందా?” అని అడగడం సంప్రదింపు. ఏ ఆట కావాలి, అసలు ఆట కావాలా అన్న ప్రశ్న నుండే వారిని భాగస్వాములను చేయడం సహరూపకల్పన. 2013లో స్టూవర్ట్ డంకన్ ఆటిజం గల పిల్లలు, వారి కుటుంబాల కోసం మైన్‌క్రాఫ్ట్ ఆటలో ‘ఆట్‌క్రాఫ్ట్’ అనే ప్రత్యేక వేదికను నెలకొల్పారు. ముఖాముఖి మాట లేకుండానే, పక్కపక్కన ఇళ్లు కట్టుకుంటూ స్నేహం కుదరగలదని ఆ వేదిక చూపింది. స్థాపకుడు తానే ఆటిజం గల వ్యక్తి కావడం గమనార్హం.

4. దేశీయ క్రీడల నిర్మాణం:
తెలుగువారి కూర్చుని ఆడే ఆటలలో ఈ పనికి అనువైన లక్షణాలు కొన్ని ఉన్నాయి.

4.1 చూపు పలకపైన: పులిమేకలో ఇద్దరూ గీతలనే చూస్తారు. కళ్లలో కళ్లు పెట్టి చూడవలసిన ఒత్తిడి లేదు. మౌనం తప్పు కాదు, అది ఆలోచనకు గుర్తు.

4.2 వంతు స్పష్టత: సంభాషణలో ఎప్పుడు మాట్లాడాలో ఎవరూ చెప్పరు. వామనగుంటలలో ఏడేసి గుంటల రెండు వరుసలు, చేతిలోని చింతగింజలు ఎవరి వంతో తెలియజేస్తాయి.

4.3 రక్షణస్థానం: అష్టాచెమ్మాలో గుర్తు వేసిన గళ్లలో ఉన్న కాయను చంపరాదు. ఆట మధ్యలో అలసినవారు కొంతసేపు తప్పుకొని, పరువు పోకుండా తిరిగి రావడానికి ఈ సూత్రాన్ని ఆటగాళ్లకూ వర్తింపజేయవచ్చు. పిల్లలు “టైం ప్లీజ్” అని ఆటను ఆపడం, “తూచ్” అని మాటను వెనక్కి తీసుకోవడం ఇలాంటి వెసులుబాట్లే.

4.4 మార్చుకోగల నియమం: పులిమేకలో 3 పులులు, 15 మేకలు. మేకలను ఇద్దరు ముగ్గురు పంచుకొని నడిపితే పోటీ ఆట కాస్తా కూడి ఆడే ఆట అవుతుంది. పులిని కదలకుండా కట్టివేయాలంటే ఒకరి ఎత్తును మరొకరు చదవక తప్పదు. సాంగత్యం అక్కడ మాటల్లో కాక ఎత్తుల్లో పుడుతుంది.

అయితే ఈ ఆటలు సిద్ధౌషధాలు కావు. గవ్వలు గచ్చు మీద చేసే చప్పుడు ఒకరికి ఆనందం, మరొకరికి భరించరాని బాధ. కాయ చచ్చిందంటే నవ్వేవారుంటారు, కుంగిపోయేవారుంటారు. నియమాన్ని సడలించమని ఒకరు కోరితే, నియమం చెక్కుచెదరకపోవడమే తనకు ఊరట అని మరొకరు అనవచ్చు. ఇలాంటి అవసరాలు ఢీకొన్నప్పుడు పరిశోధకుడు తీర్పరి కాకూడదు. గవ్వల కింద దుప్పటి పరచాలా, రెండు రకాల నియమాలు ఉంచాలా అన్నది ఆడేవారే తేల్చుకోవాలి. ఆ తేల్చుకొనే క్రమమే తొలి సాంగత్యం.

5. కొల్లేటి ప్రాంత నేపథ్యం:
ఈ ప్రాంతంలో జనం కలిసే సందర్భాలు ఎక్కువగా సందడితో కూడినవి. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర డప్పులు, సంక్రాంతి బరుల దగ్గర గుంపులు, తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు రద్దీ – ఇవన్నీ ధ్వనిని, తాకిడిని సహించలేని వ్యక్తిని దూరంగా నెడతాయి. అతడు జనాన్ని వద్దనుకున్నాడని ఊరు అనుకుంటుంది. నిజానికి అతడు వద్దనుకున్నది చప్పుడును. వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు వరద కొల్లేటిలోకి చేరినప్పుడు లంకగ్రామాల నుండి ఏలూరుకు రాకపోకలు కష్టమవుతాయి. అందుచేత వారంవారం ఒకేచోట కలిసే పద్ధతితో పాటు, ఇంటినుండి ఫోనులో ఒక్కొక్క ఎత్తు పంపుకొనే ఏర్పాటూ అవసరం.

ఆటిజం గల చాలామందిలో ఒక విషయంపై గాఢమైన ఆసక్తి ఉంటుంది. ఆటపాక పక్షికేంద్రానికి వచ్చే గూడబాతులు, ఏలూరు నుండి తాడేపల్లిగూడెం వైపు వరుసగా వచ్చే దెందులూరు, భీమడోలు, పుల్ల స్టేషన్లు, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోయే నీటి మట్టం – ఏదైనా ఒక ఆటకు పలక కాగలదు. అయితే ఇవి కూడా బయటినుండి వేసిన ఊహలే. రైళ్లంటే ఇష్టముంటుందని ముందే నిర్ణయించి రైలు బొమ్మతో వెళ్లడం మళ్లీ అరటిపండును చేయడమే.

6. పద్ధతి, నైతికత:
దివ్యాంగుల హక్కుల చట్టం–2016 గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. సెక్షన్ 29 సంస్కృతి, వినోదాలలో పాల్గొనే హక్కును ప్రస్తావిస్తున్నది. సెక్షన్ 6 ప్రకారం, దివ్యాంగుని అర్థమయ్యే మార్గంలో వివరించి పొందిన స్వేచ్ఛాసమ్మతి లేకుండా పరిశోధనకు గురిచేయరాదు. నిర్దేశిత సంఘం ముందస్తు అనుమతి కూడా ఉండాలి. ఆ సంఘంలో కనీసం సగంమంది దివ్యాంగులు లేదా వారి నమోదిత సంస్థల సభ్యులై ఉండాలి. కన్నవారి సంతకం ఒక్కటే చాలదని దీని భావం.

ఆచరణలో సమ్మతిపత్రం బొమ్మలతో, చిన్నవాక్యాలతో ఉండాలి. జవాబుకు రోజుల వ్యవధి ఇవ్వాలి. మాట, రాత, బొమ్మకార్డు, ఎత్తు – ఏ రూపంలో వచ్చినా అది అభిప్రాయమే. లేచి వెళ్లిపోవడం కూడా అభిప్రాయమే. పాల్గొన్నవారు పెద్దవారు కనుక ‘బాబు, పాప’ అనే పిలుపులు తగవు. వారి కాలానికి పారితోషికం, ఆటపై వారి పేరు ఉండాలి.

7. ముగింపు:
1. ఆటిజం గల వయోజనుల ఒంటరితనానికి కారణం వారి నైపుణ్యలోపం మాత్రమే కాదు. కలుసుకొనే చోట్ల స్వభావం కూడా.
2. దేశీయ క్రీడలలోని వంతు, మౌనం, రక్షణస్థానం, మార్చుకోగల నియమం సహరూపకల్పనకు సిద్ధసామగ్రి.
3. సమ్మతి, పారితోషికం, కర్తృత్వం లేని సహరూపకల్పన పేరుకే మిగులుతుంది.
4. దేశీయ క్రీడలను సేకరించే తెలుగు పరిశోధకులు ఆడే విధానంతో పాటు, ఆ ఆటలో ఎవరిని ఎలా చేర్చుకున్నారో కూడా నమోదు చేయడం అవసరం.

అష్టాచెమ్మాలో కాయ పండాలంటే ముందు గడిలోకి దిగాలి. గెలుపోటములు రెండూ లెక్కలోకి వచ్చినప్పుడే ఒక వ్యక్తి ఆటలో ఉన్నట్లు. ఆటిజం గల వయోజనులకు ఓడిపోయే హక్కును సైతం ఇవ్వగలిగిన ఆటే వారికి నిజమైన సాంగత్యాన్ని ఇవ్వగలుగుతుంది.