పాటల సేకరణను డీజే యంత్రమునకు అనువుగా మార్చుట

పెండ్లి ఊరేగింపులలోను, కళాశాలల ఉత్సవములలోను వినబడు ‘డీజే’ అను మాట తెలుగునాట పల్లెలకు కూడ పరిచితమైనది. బండిపై పేర్చిన లౌడు స్పీకర్ల వరుసయే డీజే అని చాలమంది అనుకొందురు. నిజమునకు అది యంత్రము పేరు కాదు, మనిషి పేరు. డిస్కు జాకీ అనగా పాటల రికార్డులను ఒకదాని వెంట ఒకటి, నడుమ నిశ్శబ్దము రానీయక వినిపించువాడు. మొదటి పాట ముగియకముందే రెండవదానిని దానిపై ఎక్కించి, రెండింటి దరువు ఒక్కటే అన్నట్లు నడిపించుట అతని విద్య. ఇద్దరు వాద్యకారులు రెండు డప్పులను కలిసి కొట్టునపుడు కాలమును ఎంత సూక్ష్మముగా పాటింతురో, ఇతడును అంత సూక్ష్మముగా పాటింపవలెను.

ఈ విద్యకు చాలకాలము ఆధారమైనది గ్రామఫోను రికార్డు. టెక్నిక్స్ ఎస్.ఎల్.1200 అను రికార్డు ప్లేయరు 1972లో జపానులో తయారైనది. 1979లో వచ్చిన దాని రెండవ రూపములో ఒక మీటను జరిపి, రికార్డు తిరుగు వేగమును నూటికి 8 వంతుల వరకు పెంచుటకు గాని, తగ్గించుటకు గాని వీలు కలిగెను. రెండు పాటల దరువును కలుపుటకు కావలసినది ఇదియే. 2001లో పయొనీర్ సంస్థ వారి సి.డి.జె.1000 అను యంత్రము అదే చేతి పనిని కాంపాక్టు డిస్కుపై చేయనిచ్చినది. 2009లో వచ్చిన సి.డి.జె.2000 పెన్‌డ్రైవు నుండి కూడ పాటలను చదువగలదు. దానితో రికార్డుల పెట్టెలను మోయవలసిన బరువు తప్పినది గాని, పూర్వము లేని చిక్కు ఒకటి వచ్చినది. రికార్డును ఏ ప్లేయరుపై పెట్టినను పాడును. ఇంటి కంప్యూటరులో చక్కగా పాడు ఫైలు మాత్రము వేదిక మీది యంత్రములో మొరాయింపవచ్చును.

ఒక ఉదాహరణము తీసికొందము. ఒకడు పదేండ్లు శ్రమించి, తన కాంపాక్టు డిస్కుల నుండి 2000 పాటలను ‘ఫ్లాక్’ అను రూపములో కంప్యూటరునకు ఎక్కించుకొన్నాడు. ఒక్కొక్క పాటకు పేరు, గాయకుడు, సంవత్సరము చేర్చినాడు. ఏ పాటలో ఏ క్షణమున ప్రవేశింపవలెనో గుర్తులు పెట్టుకొన్నాడు. అతనిని పిలిచిన వేదికపై 2012లో వెలువడిన సి.డి.జె.2000 నెక్సస్ యంత్రములున్నవి. అవి ఎం.పి.3, ఎ.ఎ.సి., వేవ్, ఎ.ఐ.ఎఫ్.ఎఫ్. అను నాలుగు రూపములను మాత్రమే చదువును; ఫ్లాక్‌ను చదువవు. 2016లో వచ్చిన తరువాతి నమూనాకు గాని ఆ శక్తి కలుగలేదు. కాబట్టి 2000 పాటలను మార్చి తీరవలెను. ఎట్లు మార్చవలెను? పదేండ్ల శ్రమ నిలుచుటయు, పోవుటయు ఈ ప్రశ్నకు ఇచ్చు సమాధానముపై ఆధారపడియున్నవి.

ముందుగా ఫైలులో ఉన్నదేమో తెలిసికొనవలెను. ధ్వని గాలిలో కలుగు ఒత్తిడి మార్పుల పరంపర. మైక్రోఫోను ఈ మార్పులను విద్యుత్తు హెచ్చుతగ్గులుగా చేయును. ఆ హెచ్చుతగ్గులను సెకనుకు 44,100 సార్లు కొలిచి, కొలతలను సంఖ్యలుగా వ్రాసియుంచుటయే 1982లో వచ్చిన కాంపాక్టు డిస్కు పద్ధతి. అన్నిసార్లు ఎందుకు? మనిషి చెవి సెకనుకు సుమారు 20,000 స్పందనల వరకే వినగలదు. ఒక తరంగమును తిరిగి నిర్మింపవలెనన్న దాని స్పందనల సంఖ్యకు రెట్టింపు కంటె ఎక్కువసార్లు కొలువవలెను. హారీ నైక్విస్ట్ 1928లో తంతి వార్తలను గూర్చి వ్రాసిన వ్యాసమున ఈ భావమునకు బీజము కలదు. క్లాడ్ షానన్ 1949లో దానిని స్పష్టముగా నిరూపించెను. ఒక్కొక్క కొలతకు 16 బిట్లు, అనగా 2 బైట్లు కేటాయింతురు. వానితో 65,536 మెట్లను వేరు వేరుగా చెప్పవచ్చును. కుడి చెవికి ఒకటి, ఎడమ చెవికి ఒకటి చొప్పున రెండు వరుసలుండును. 44,100ను 2తోను, మరల 2తోను, 300 సెకనులతోను హెచ్చింపగా 5 నిమిషముల పాటకు 5,29,20,000 బైట్లు అగును. ఈ లెక్కను విద్యార్థులు స్వయముగా వేసి చూచుట మంచిది. తరువాతి సంగతులన్నియు దీనిపై నిలిచియున్నవి.

ఈ సంఖ్యలను ఉన్నవి ఉన్నట్లు దాచుకొను రూపములు రెండు. ఒకటి ఆపిల్ సంస్థ 1988లో ప్రవేశపెట్టిన ఎ.ఐ.ఎఫ్.ఎఫ్.; రెండవది మైక్రోసాఫ్టు, ఐ.బి.ఎం. సంస్థలు 1991లో తెచ్చిన వేవ్. రెండింటి లోపల ఉన్నవి అవే కొలతలు. వ్రాయు క్రమమే వేరు. రెండు బైట్ల సంఖ్యలో పెద్ద విలువ గల బైటును ఎ.ఐ.ఎఫ్.ఎఫ్. ముందు వ్రాయును, వేవ్ చిన్నదానిని ముందు వ్రాయును. మన శాసనములలో శకవర్షమును భూతసంఖ్యలతో చెప్పునపుడు ఒకట్ల స్థానము మొదట వచ్చును గదా! చదువు క్రమము తెలిసినవానికి సంవత్సరము మారదు. ఇదియు అట్టిదే.

ఫ్లాక్ 2001లో వెలువడినది. అది సంఖ్యలను అట్లే వ్రాయక, ముందటి వానిని బట్టి తరువాతి దానిని ఊహించి, ఊహకును నిజమునకును గల తేడాను మాత్రమే వ్రాయును. వరుసగా 1000, 1010, 1021, 1030 అను కొలతలు వచ్చినవనుకొనుడు. మొదటి రెండింటిని బట్టి మూడవది 1020 అని ఊహింపవచ్చును; నిజమైనది 1021, తేడా 1. రెండవ, మూడవ సంఖ్యలను బట్టి నాలుగవది 1032 కావలెను. నిజమైనది 1030, తేడా రెండు తక్కువ. వేలలోని సంఖ్యలకు బదులు 1, 2 వంటి అంకెలు మిగిలినవి. చిన్న సంఖ్యకు చిన్న చోటు చాలును. కనుక ఫైలు సాధారణముగా మూలములో సగము మొదలు మూడింట రెండు వంతుల పరిమాణమునకు తగ్గును. చదువునపుడు అదే ఊహను మరల చేసి తేడాను కలిపినచో మొదటి సంఖ్యలు ఒక్క అంకె తప్పక తిరిగి వచ్చును. సిరిసిల్ల నేతపనివారు అగ్గిపెట్టెలో పట్టు చీరను నేసి పేరొందిరి. ఆ చీరను విప్పినచో పూర్తి చీరయే. ఫ్లాక్ అట్టి మడత.

ఎం.పి.3 అట్టిది కాదు. జర్మనీలోని ఎర్లాంగెన్ నగరమున ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బుర్గ్ మున్నగువారి కృషితో రూపొందిన పద్ధతి యిది. ఫైలుకు ఈ పేరు 1995లో స్థిరపడినది. రైలు కూత వేయునపుడు ప్రక్కవాని గుసగుస వినబడదు. అట్లే ఒక పెద్ద ధ్వని మ్రోగునపుడు దానికి దగ్గరి స్థాయిలోనున్న సన్నని ధ్వని చెవికి అందదు. అందనిదానిని వ్రాయనేల? ఎం.పి.3 దానిని చాల మోటుగా వ్రాయును, లేదా విడిచిపెట్టును. సెకనుకు 3,20,000 బిట్ల మేలైన రకములో 5 నిమిషముల పాట 1,20,00,000 బైట్లలో ఇముడును. అనగా మొదటి దానిలో నాలుగవ వంతుకును తక్కువే. ఈ రకమును మూలము నుండి వేరుచేసి గుర్తించుట చాలమంది చెవులకు కష్టము. అందువలన ఎం.పి.3ను నిందింపవలసిన పని లేదు. అయితే విడిచినది విడిచినదే. గోధుమ నుండి పిండి వచ్చును గాని పిండి నుండి గోధుమ రాదు. ఎం.పి.3ను మరల వేవ్‌గా మార్చినచో ఫైలు 5 కోట్ల బైట్లకు ఉబ్బును. ధ్వని ఆవగింజంతయు మెరుగుపడదు. అట్లు ఉబ్బినదానిని మరల ఎం.పి.3 చేసినచో రెండవమారు నష్టము కలుగును. ఫైలు పెద్దదైనందున నాణ్యము పెరిగినదని భ్రమపడువారు కొందరున్నారు కనుక ఇది గట్టిగా చెప్పవలసి వచ్చినది.

కావున మన ఉదాహరణములోని సేకరణకు ఫ్లాక్ నుండి వేవ్‌కు గాని, ఎ.ఐ.ఎఫ్.ఎఫ్.కు గాని మారుట మేలు. 2000 పాటలకు సుమారు 106 గిగాబైట్లు కావలెను. 128 గిగాబైట్ల పెన్‌డ్రైవు చాలును. రెండింటిలో ఎ.ఐ.ఎఫ్.ఎఫ్.కే మొగ్గు చూపవలెను. పాట పేరు, గాయకుని పేరు ఫైలులోనే దాచుకొనుటకు అందులో స్థిరమైన ఏర్పాటు కలదు. వేవ్‌లో ఈ పేర్లను ఒక్కొక్క సాఫ్టువేరు ఒక్కొక్క విధముగా వ్రాయుట వలన యంత్రము తెరపై తరచు ఖాళీ కనబడును. చీకటి వేదికపై పేరులేని 2000 పాటలతో ఎవడేమి చేయగలడు?

వేవ్‌తో మరియొక చిక్కు కలదు. ఫైలు ఆరంభమున లోపలి సరుకును వర్ణించు చిన్న పీఠిక ఉండును. అందులో రెండు బైట్లు రూపసంఖ్యను తెలుపును. సాధారణమైన వేవ్‌కు ఆ సంఖ్య 1. కొన్ని సాఫ్టువేర్లు అచ్చముగా అవే కొలతలను వ్రాసి కూడ, పీఠికలో 65,534 అను విస్తృత రూపపు సంఖ్యను వేయును. పాత సి.డి.జె. యంత్రములు ఇట్టి ఫైళ్ళను ఇ-8305 అను దోషసంకేతము చూపి నిరాకరించును. ఐదు కోట్ల బైట్ల పాట రెండు బైట్ల కారణముగా మూగబోవుట విచిత్రమే! ఆ రెండింటిని సవరించినచో అదే పాట అదే యంత్రములో పాడును. 24 బిట్లతో, సెకనుకు 96,000 కొలతలతో కొన్న పాటలున్నచో వానిని 48,000కు దింపవలెను. నెక్సస్ అంతకు మించి చదువలేదు.

ఇంతవరకు ధ్వని సంగతి. సేకరణలో ధ్వనితో సమానమైన విలువ గలది ధ్వనిని గూర్చిన జ్ఞానము: దరువు ఎక్కడెక్కడ పడునో తెలుపు గీతలు, ప్రవేశించు చోటు గుర్తులు, పాటల జాబితాలు. దీనిని సెరాటో అను సాఫ్టువేరు చాలవరకు పాట ఫైలులోనే వ్రాయును. ట్రాక్టర్ విడిగా ఒక పట్టికలో ఉంచును. పయొనీర్ వారి రెకార్డ్‌బాక్స్ తన పట్టికలో ఉంచి, పెన్‌డ్రైవుపై వేరొక అరలో యంత్రము కొరకు నకలు వ్రాయును. పట్టికకు పాట తెలియునది చిరునామా వలన. ఫైలు పేరు చివర ఫ్లాక్ పోయి ఎ.ఐ.ఎఫ్.ఎఫ్. వచ్చినచో చిరునామా తప్పినట్లే. పాట కనబడలేదని సాఫ్టువేరు ఫిర్యాదు చేయును. అప్పుడు తొందరపడి పాటలను క్రొత్తగా చేర్చుకొన్నవారు పాత గుర్తులన్నింటిని పోగొట్టుకొందురు. సరియైన పద్ధతి పట్టికను ఎక్స్.ఎం.ఎల్. అను అక్షరరూపములో బయటికి వ్రాయించి, అందులో చిరునామాల చివరి భాగమును మార్చి, తిరిగి లోనికి తీసికొనుట.

ఇక్కడ సూక్ష్మమైన అపాయమొకటి దాగియున్నది. గుర్తులన్నియు ‘పాట మొదలైనప్పటి నుండి ఇన్ని సెకనులకు’ అని వ్రాయబడినవి. మొదలే జరిగినచో? ఎం.పి.3 కొలతలను 1152 చొప్పున కట్టలు కట్టి పని చేయును. లేమ్ అను ప్రసిద్ధ సాఫ్టువేరుతో మార్చినపుడు మార్చుటలో 576, చదువుటలో 529, మొత్తము 1105 కొలతల ఆలస్యము ముందు చేరును. 44,100తో భాగింపగా ఇది సెకనులో వెయ్యింట 25 వంతులు. కొన్ని సాఫ్టువేర్లు ఈ ఆలస్యమును తీసివేయును, కొన్ని ఉంచును. ఆరంభమున సమాచారము కొరకే ఉంచిన కట్టను కూడ కొన్ని ధ్వనిగా లెక్కించును; అప్పుడు 1152 కొలతల, అనగా వెయ్యింట 26 వంతుల తేడా వచ్చును. ఒక పట్టిక నుండి మరియొక పట్టికకు మారినవారికి గుర్తులన్నియు ఒక్కటే కొలతలో తప్పుటకు కారణమిదియే.

ఇంత చిన్న తేడా ఎవరికి పట్టును? నిమిషమునకు 128 దరువుల పాటలో దరువునకు దరువునకు మధ్య వెయ్యింట 469 వంతుల సెకను కలదు. 25 వంతులు అందులో సుమారు పందొమ్మిదవ భాగము. ఒక పాట సరిగానుండి, రెండవది ఇంత జరిగినచో రెండు డప్పులు కలిసి ‘ధడ్’ మనక ‘ధదడ్’ మనును. నాట్యము చేయువాని కాలికి కూడ అది తెలియును. పాటలన్నియు ఒకే కొలతలో జరిగినచో వానిలో వానికి పొత్తు కుదురును. పాతవి కొన్ని, మార్చినవి కొన్ని కలిసినపుడే గోల. ఫ్లాక్ నుండి ఎ.ఐ.ఎఫ్.ఎఫ్.కు మారునపుడు కొలతల సంఖ్య ఒక్కటియు పెరుగదు, తరుగదు. కనుక గుర్తులు ఉన్నచోటనే ఉండును. నష్టములేని రూపమును ఎన్నుకొనుటకు ధ్వని నాణ్యము కంటె ఇది బలమైన కారణము.

పెన్‌డ్రైవును ఫ్యాట్32 పద్ధతిలో సిద్ధపరుపవలెను. విండోసులో సాధారణమైన ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతిని ఈ యంత్రములు చదువవు. 32 గిగాబైట్లకు మించిన డ్రైవును ఫ్యాట్32గా చేయుటకు విండోసు స్వంత పరికరము చాలకాలము ఒప్పుకొనలేదు. అందులకు వేరు సాఫ్టువేరులు కలవు. మార్పు పూర్తియైన పిమ్మట చోటు కలిసివచ్చునని ఫ్లాక్ మూలములను తుడిచివేయుట మాత్రము చేయరాని పని. రేపు మరియొక యంత్రము మరియొక రూపము కోరవచ్చును. ఏ మార్పైనను మూలము నుండియే చేయవలెను గాని, మార్చినదానిని మరల మార్చరాదు. మూలమునకు రెండవ ప్రతి వేరొక డిస్కుపై ఉండుట అవసరము.

పాఠశాలలో ఒక కంప్యూటరు ఉన్నచో ఉపాధ్యాయులు ఈ సంగతిని తరగతిలో చూపవచ్చును. వెల లేకుండ దొరకు అడాసిటీ అను సాఫ్టువేరులో ఒక వేవ్ పాటను తెరచి, దానిని ఒకమారు ఫ్లాక్‌గాను, ఒకమారు తక్కువ బిట్ల ఎం.పి.3గాను దాచవలెను. మూలము ప్రక్కన ఫ్లాక్ ప్రతిని తెరచి, దానిని తలక్రిందులు చేయు ఆజ్ఞ నిచ్చి, రెండింటిని కలిపి వినిపింపవలెను. ప్రతి కొలతకు దాని ఋణసంఖ్య ఎదురై అంతయు సున్నయగును; గదిలో పూర్తి నిశ్శబ్దము. తరువాత ఎం.పి.3 ప్రతితో ఇదే పని చేయవలెను. రెండును ఒకేచోట మొదలు కాకున్నచో ఎం.పి.3ను కొంచెము ముందుకు జరుపవలసి వచ్చును. ఎన్ని కొలతలు జరుపవలసి వచ్చినదో విద్యార్థులు వ్రాసికొనవలెను. సరిగా కుదిరిన పిమ్మట కూడ నిశ్శబ్దము రాదు. తాళముల గలగల, గాయకుని గొంతు నీడ, నీటిలో మునిగినట్లు సన్నగా వినబడును.