కార్డు ఉన్నా బిల్లు ఎందుకు కట్టాలి?

"ఇన్సూరెన్స్ కార్డు ఉంది కదండీ, మళ్ళీ డబ్బెందుకు?" డిశ్చార్జి రోజున బిల్లింగు కౌంటరు దగ్గర మేము తరచుగా వినే మాట ఇది. కొందరు అప్పటికప్పుడు నగలు తాకట్టు పెట్టి వస్తారు. చాలాసార్లు చిక్కంతా గది అద్దెలోనే ఉంటుంది.

కొన్ని పాలసీల్లో గది అద్దెకు పరిమితి ఉంటుంది. బీమా మొత్తంలో రోజుకు 1 శాతం అని ఉంటే, 3 లక్షల పాలసీకి రోజుకు 3,000 రూపాయలే. మీరు 6,000 రూపాయల గదిలో చేరారనుకోండి. పైన పడే 3,000 కట్టుకుంటే చాలనుకుంటాము. కాని, అర్హత సగమే గనుక డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు, నర్సింగు చార్జీలలో కూడా కంపెనీ సగమే ఇస్తుంది. అవి 80,000 అయితే 40,000 మీ మీద పడుతుంది! మందులకు, ఇంప్లాంట్లకు, పరీక్షలకు, ఐ.సి.యు. చార్జీలకు మాత్రం ఈ కోత వేయకూడదు. కనుక అడ్మిషన్‌కు వచ్చేటప్పుడు కార్డుతోపాటు పాలసీ కాగితాలు కూడా తీసుకురండి. అవి చూశాకే గది ఎంచుకోండి.

షుగరు, బి.పి. ఉన్నవారు పాలసీ తీసుకునేటప్పుడే ఆ సంగతి రాయండి. "అవన్నీ ఎందుకండీ" అని ఏజెంటు అన్నా సరే, రాయండి. 2024 నిబంధనల ప్రకారం ముందే ఉన్న జబ్బుకు గరిష్ఠంగా 3 సంవత్సరాలు ఆగాలి. దాచిపెడితే క్లెయిము తిరస్కరించవచ్చు.

క్లెయిము అన్యాయంగా తోసేశారనిపిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చినది సరిగా లేకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. అక్కడ రుసుము లేదు, వకీలు అక్కరలేదు.