డిస్‌లెక్సియా ఉన్న విద్యార్థికి కాలేజీ స్కాలర్‌షిప్: ఎక్కడ వెతకాలి?

పాఠం అడిగితే గడగడా చెబుతారు. అదే రాయమంటే అక్షరాలు తారుమారవుతాయి. డిస్‌లెక్సియా, డిస్‌గ్రాఫియా, డిస్‌కాల్‌క్యులియా వంటి అభ్యసన వైకల్యాలున్న పిల్లలు కాలేజీలో చేరేటప్పుడు స్కాలర్‌షిప్ కోసం తల్లిదండ్రులు వెతుకుతారు. ఆ పేర్లతో పథకాలేవీ కనిపించక ఆశ వదులుకుంటారు. నిజానికి వెతకాల్సింది దివ్యాంగుల పథకాల్లో.

ఎందుకంటే..

1995 నాటి దివ్యాంగుల చట్టంలో అభ్యసన వైకల్యం లేదు. 2016 చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో దీన్నీ చేర్చారు.

ఏయే పథకాలు?

* పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్: ఇంటర్ నుంచి పీజీ వరకు. కుటుంబ వార్షికాదాయం రూ.2.5 లక్షలు మించకూడదు.
* టాప్ క్లాస్ స్కాలర్‌షిప్: ఐఐటీల వంటి, కేంద్రం జాబితాలోని సంస్థల్లో డిగ్రీ, పీజీ చదివేవారికి.
* సాక్షమ్: ఏఐసీటీఈ గుర్తింపున్న కాలేజీల్లో టెక్నికల్ డిగ్రీ, డిప్లొమా చేసేవారికి ఏటా రూ.50 వేలు. ఆదాయ పరిమితి రూ.8 లక్షలు.

మూడింటికీ వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో చేయాలి.

చిక్కు ఎక్కడ?

సర్టిఫికెట్ దగ్గర. పరీక్షల్లో అదనపు సమయం కోసం స్కూల్లో ఇచ్చిన లేఖ, ప్రైవేటు సైకాలజిస్టు రిపోర్టు ఇక్కడ సరిపోవు. ప్రభుత్వ మెడికల్ బోర్డు ఇచ్చిన ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు కావాలి. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం చిన్నప్పుడు సర్టిఫికెట్ తీసుకున్నవారు 14 ఏళ్లకు, మళ్లీ 18 ఏళ్లకు పరీక్ష చేయించుకోవాలి. 18 ఏళ్లకు ఇచ్చేదే జీవితాంతం చెల్లుతుంది. సరిగ్గా కాలేజీలో చేరే వయసు అదే. పాత కాగితంతో దరఖాస్తు చేస్తే తిరస్కరించే ప్రమాదం ఉంది.

ఇప్పుడేం చేయాలి?

* ఇంటర్ రెండో ఏడాదిలోనే జిల్లా ప్రభుత్వ ఆస్పత్రిలో అడిగి, పరీక్షకు తేదీ తీసుకోండి.
* సర్టిఫికెట్ చేతికి రాగానే శాతం రాశారో లేదో చూసుకోండి.
* విద్యార్థి బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం చేయించండి. డబ్బు నేరుగా అందులోనే పడుతుంది.
* దరఖాస్తు పంపాక కాలేజీ దాన్ని ఆన్‌లైన్‌లో ధ్రువీకరించాలి. గడువులోగా చేశారో లేదో ఆఫీసులో కనుక్కోండి.
* ఏటా రెన్యువల్ మరవొద్దు.