ఆకుపచ్చ నంబరు ప్లేటు: ప్రమాద స్థలంలో దాని సాక్ష్యం

రోడ్డు ప్రమాదం జరిగిన చోటికి మొదట చేరేవారు అగ్నిమాపక సిబ్బంది అయినా, 108 అంబులెన్సు సిబ్బంది అయినా, గస్తీ పోలీసులైనా, నుజ్జయిన వాహనంపై చేయి వేయడానికి ముందే తేల్చుకోవలసిన సంగతి అది దేనితో నడిచే వాహనమన్నది. పెట్రోలు, డీజిలు వాహనాల విషయంలో ఈ ప్రశ్నకు చాలాసార్లు ముక్కే జవాబు చెప్పేది. విద్యుత్ వాహనానికి ఇంధనపు వాసన లేదు, నిలిచి ఉన్నప్పుడు చప్పుడూ లేదు కాబట్టి, యాక్సిలరేటరుకు కాలు తగిలితే ముందుకు దూకే స్థితిలో ఉన్నా అది ఆగిపోయినట్టే కనిపిస్తుంది. ఈ చిక్కుకు మన దేశంలో దొరికిన సులువైన ఆనవాలు ఆకుపచ్చ నంబరు ప్లేటు.

ఆ ప్లేటు పుట్టింది మాత్రం రక్షణ సిబ్బంది కోసం కాదు. కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల శాఖ 2018లో బ్యాటరీ వాహనాలకు పచ్చ ప్లేటును నిర్ణయించి, సొంత వాహనాలకు తెల్ల అక్షరాలు, కిరాయి వాహనాలకు పసుపు అక్షరాలు ఉండాలన్నప్పుడు, పార్కింగు, టోలు వంటి రాయితీలకు ఆ వాహనాలను ఇట్టే పోల్చుకోవచ్చునన్నదే ప్రధానమైన ఆలోచన. నార్వేలో 1999లో మొదలైన ‘ఈఎల్’ అక్షరాల ప్లేటు, 2015 నుంచి జర్మనీ నంబరు చివర చేరుతున్న ‘ఈ’ అక్షరం కూడా రాయితీల బిడ్డలే. ఆస్ట్రేలియాలో నంబరు ప్లేటుకు అతికించే, ‘ఈవీ’ అని రాసిన చిన్న నీలి త్రిభుజం మాత్రం రక్షణ సిబ్బందిని దృష్టిలో పెట్టుకొని వచ్చింది.

తెలంగాణలోని రెండు దారులు చూద్దాం: హైదరాబాదు నుంచి చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేటల మీదుగా విజయవాడకు వెళ్లే 65వ జాతీయ రహదారి ఉమ్మడి నల్లగొండ జిల్లాను, షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరుల మీదుగా బెంగళూరు వైపు సాగే 44వ జాతీయ రహదారి ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాను చీల్చుకుంటూ పోతాయి. మొదటి దారిలో 2023 మే నెల నుంచి ఆర్టీసీ ఈ-గరుడ విద్యుత్ బస్సులు తిరుగుతున్నాయి. రెండో దారికి చేరువలోని దివిటిపల్లిలో అదే నెలలో అమరరాజా సంస్థ లిథియం-అయాన్ సెల్లుల కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం విద్యుత్ వాహనాలకు 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము పూర్తిగా మినహాయించింది. టీజీ 05, టీజీ 06 నంబర్లతో పచ్చ ప్లేట్లు ఈ పట్టణాల్లో కనబడటం ఇక వింత కాదు.

ఈ ప్రాంతానికి వాహనాల మంటల భయం కొత్తది కాదు. 2013 అక్టోబరు 30న బెంగళూరు నుంచి హైదరాబాదుకు వస్తున్న ప్రైవేటు వోల్వో బస్సు కొత్తకోట సమీపంలోని పాలెం వద్ద కల్వర్టును ఢీకొని, డీజిలు ట్యాంకు పగిలి కాలిపోవడంతో 45 మంది మరణించారు. అంత ఘోరమైన డీజిలు మంట కూడా ఇంధనం అయిపోగానే ముగిసిపోతుంది. లిథియం-అయాన్ బ్యాటరీ తీరు వేరు: దెబ్బతిన్న ఒక సెల్లు వేడెక్కితే, ఆ వేడికి దాని రసాయనాలు విచ్ఛిన్నమై మరింత వేడిని పుట్టిస్తాయి, అది పక్క సెల్లులకు పాకుతుంది. ‘థర్మల్ రన్‌అవే’ అనే ఈ గొలుసు ప్రక్రియలో హైడ్రోజన్ ఫ్లోరైడు వంటి విషవాయువులు వెలువడుతాయి, ఆరిందనుకున్న మంట గంటల తర్వాత తిరిగి లేవవచ్చు. ఒక కారు బ్యాటరీని చల్లార్చడానికి పది వేల లీటర్లకు పైగా నీరు పట్టవచ్చునని తయారీదారుల సూచనలే చెబుతుండగా, మన ఫైరింజను ట్యాంకులో సాధారణంగా పట్టేది 4,500 లీటర్లు. వాహనం ఏదో ముందే తెలిస్తే రెండో బండిని మొదటి ఫోన్‌లోనే పిలవవచ్చు.

మంట లేకపోయినా, లోపల చిక్కుకున్నవారిని తీయడానికి బండిని కోసే పని ఉంటుంది. కార్లలో బ్యాటరీ వోల్టేజి సాధారణంగా 300 నుంచి 400 వరకు ఉంటుంది. ఏకముఖ విద్యుత్తులో 60 వోల్టులు దాటితే దాన్ని ప్రమాదకరంగా లెక్కిస్తారు. ఆ విద్యుత్తు ప్రవహించే తీగలకు నారింజ రంగు తొడుగు ఉంటుంది, వాటి జోలికి కట్టరు పోకూడదు. బ్యాటరీని మిగతా బండితో కలిపే స్విచ్చులు, అంటే కాంటాక్టర్లు, మామూలు 12 వోల్టుల విద్యుత్తు ఉన్నంతసేపే మూసుకుని ఉంటాయి. అందుకే అనేక కార్లలో బానెటు కిందో డిక్కీలోనో ఒక సన్నని తీగను రక్షణ సిబ్బంది కోసమే గుర్తుపెట్టి ఉంచుతారు. దాన్ని ఒకచోట కాదు, రెండుచోట్ల కోసి మధ్య ముక్కను తీసేస్తే, తెగిన కొనలు పొరపాటున తగులుకునే అవకాశం పోయి కాంటాక్టర్లు తెరుచుకుంటాయి. కెపాసిటర్లలో నిలిచిన విద్యుత్తు తగ్గడానికి మరికొన్ని నిమిషాలు ఆగాలి. ఇంత చేసినా బ్యాటరీ పెట్టె లోపలి విద్యుత్తు ఎక్కడికీ పోదు.

ఆ తీగ ఎక్కడుందో పచ్చ ప్లేటు చెప్పదు. అసలు ప్లేటే చెప్పని వాహనాలూ ఉన్నాయి. పెట్రోలు ఇంజనుతో పాటు అధిక వోల్టేజి బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ కారుకు తెల్ల ప్లేటే వస్తుంది. నారింజ తీగలు అందులోనూ ఉంటాయి. గంటకు 25 కిలోమీటర్ల వేగం, 250 వాట్ల మోటారు దాటని స్కూటర్లకు రిజిస్ట్రేషనే అక్కరలేదు. స్కూటరు బ్యాటరీ తక్కువ వోల్టేజిది కాబట్టి అక్కడ భయం షాకు గురించి కన్నా పొగ, మంటల గురించే; 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల షోరూములో రేగిన మంటల పొగ పైనున్న లాడ్జిని కమ్మేసి 8 మంది ప్రాణాలు తీసింది. రంగులూ తికమక పెట్టేవే. అద్దానికి అతికించే ఇంధన స్టిక్కరులో నారింజ రంగు డీజిలుకు గుర్తు, పెట్రోలు, సీఎన్జీలకు లేత నీలం. విద్యుత్ వాహనం ‘ఇతరములు’ అనే బూడిద రంగులోకి వెళ్తుంది. దానికి తోడు బీఎస్-6 వాహనాల స్టిక్కరుపై పచ్చ పట్టీ వేయాలన్నారు. కాగితాల మీద సబబుగానే ఉండే ఈ వర్ణమాల రాత్రిపూట టార్చిలైటు వెలుగులో ఎంతవరకు పనికొస్తుందో ఎవరూ ఆలోచించినట్టు లేదు.

గుర్తుతో పాటు పటం కూడా ఉండాలన్న ఆలోచన యూరపులో బలపడింది. ‘ఐఎస్‌ఓ 17840’ అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ప్రతి మోడలుకు ఒక రక్షణ పత్రం ఉంటుంది; బ్యాటరీ, అధిక వోల్టేజి తీగలు, కోయవలసిన తీగ, ఎయిర్‌బ్యాగుల గ్యాసు సీసాలు ఎక్కడున్నాయో ఒకే రకమైన బొమ్మలతో చూపుతారు గనుక, భాష తెలియకపోయినా పని జరుగుతుంది. అక్కడ 2018 మార్చి 31 నుంచి కొత్త మోడళ్లకు తప్పనిసరైన ‘ఈ-కాల్’ పరికరం ప్రమాదం జరగగానే తానే ఫోను చేసి, వాహనం ఉన్న చోటుతో పాటు అది ఏ ఇంధనానిదో కూడా పంపుతుంది. ఇక్కడ 112కు గానీ రహదారి సహాయానికి 1033కు గానీ ఫోను చేసే బాటసారిని ‘ప్లేటు పచ్చదా?’ అని ఒక్క మాట అడిగితే, ఏ పరికరమూ లేకుండానే అందులో కొంత సమాచారం రాబట్టవచ్చు.

క్రేను వచ్చి బండిని లాక్కెళ్లిన తర్వాత కూడా ఈ సమాచారం దాని వెంట వెళ్లవలసి ఉంటుంది. 2011లో అమెరికా రహదారి భద్రతా సంస్థ ఢీకొట్టించి పరీక్షించిన షెవర్లే వోల్ట్ కారు ఆవరణలో మూడు వారాలు నిలిచి ఉండి, ఆ తర్వాత అంటుకుని పక్కనున్న వాహనాలనూ తగలబెట్టింది. దెబ్బతిన్న విద్యుత్ వాహనాన్ని ఇతర వాహనాలకు, కట్టడాలకు కనీసం 50 అడుగుల దూరంలో ఆరుబయట ఉంచాలన్న సూచన అలాంటి అనుభవాల నుంచే వచ్చింది. హైవే పక్క పోలీసు ఠాణాల ఆవరణల్లో ప్రమాదపు బళ్లు ఒకదానికొకటి ఆనుకుని కేసు తేలేదాకా పడి ఉంటాయి. ఢీకొన్నప్పుడే ముందు ప్లేటు ఊడిపోయిన బండి వాటి మధ్య చేరితే, అది బ్యాటరీ వాహనమని చెప్పేందుకు పంచనామాలో రాసిన ఒక పంక్తి తప్ప మరేదీ మిగలదు.