మాట చెల్లే రోజుల్లోనే

డిమెన్షియాకు తెలుగు వైద్య రచనల్లో చిత్తవైకల్యమన్న పేరు ఉన్నా, ఇళ్లలో మాత్రం అది ఇప్పటికీ మతిమరుపుగానో వయసుతో వచ్చిన చాదస్తంగానో చెలామణి అవుతోంది. మెదడు కణాలు క్రమంగా దెబ్బతినడం వల్ల జ్ఞాపకం, భాష, దారి గుర్తుపట్టే శక్తి, లెక్క, నడవడి ఒకదాని వెంట ఒకటిగా సడలి, మనిషి తన రోజువారీ పనులను తానుగా చేసుకోలేని స్థితికి చేరినప్పుడు కనిపించే లక్షణాలన్నిటినీ కలిపి వైద్యులు ఈ పేరుతో పిలుస్తారు. దానికి దారితీసే వ్యాధుల్లో అల్జీమర్స్ అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తుంది. మెదడుకు రక్తం చేరవేసే నాళాలు దెబ్బతినడం వల్ల వచ్చే రకమూ తక్కువేమీ కాదు. దేశంలో అరవై ఏళ్లు పైబడినవారిపై జరిగిన లాసీ-డాడ్ అనే విస్తృత అధ్యయనం ఆధారంగా 2023లో వెలువడిన అంచనా ప్రకారం ఆ వయసువారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది, ఈ స్థితిలో ఉన్నారు. మగవారికంటే ఆడవారిలో, పట్టణాలకంటే పల్లెల్లో ఈ నిష్పత్తి ఎక్కువని కూడా అందులో తేలింది.

గుండెపోటు గాని పక్షవాతం గాని ఇంటివారికి ఆలోచించుకునే వ్యవధి ఇవ్వదు, డిమెన్షియా ఇస్తుంది. వ్యాధి బయటపడినప్పటి నుంచి చివరి దశ వరకు చాలామందిలో అనేక సంవత్సరాలు గడుస్తాయి. అయితే ఆ సంవత్సరాలన్నీ ఒకే రకమైనవి కావు. రోగి తన ఇష్టాయిష్టాలను తానే చెప్పగలిగేది, చెప్పినదానికి చట్టం ముందు విలువ ఉండేది తొలి దశలోనే. ఆ కాలం ఎక్కువగా మౌనంలోనే గడిచిపోతుంది. పెద్దాయన బాధపడతారని పిల్లలు, పిల్లలు కంగారుపడతారని ఆయన దాచిపెట్టడం ప్రేమతో చేసే పనే అయినా, రోగి ప్రమేయం లేకుండానే ఆ రోగి జీవితం గురించిన నిర్ణయాలన్నీ జరిగిపోయే పరిస్థితి అక్కడి నుంచే మొదలవుతుంది.

ప్రణాళికకు ముందు నిర్ధారణ స్థిరపడాలి. విటమిన్ బి12 లోపం, థైరాయిడ్ గ్రంథి మందగించడం, దిగులు జబ్బు, కొన్ని నిద్రమాత్రలు, మెదడు పొరల మధ్య నెమ్మదిగా గూడుకట్టే రక్తం వంటివి కూడా డిమెన్షియాను పోలిన లక్షణాలు చూపిస్తాయి, వీటిలో చాలావాటిని చికిత్సతో సరిచేయవచ్చు. అందువల్ల నాడీవ్యాధుల నిపుణుడి దగ్గరో మానసిక వైద్యుడి దగ్గరో రక్తపరీక్షలు, మెదడు స్కాన్, జ్ఞాపకశక్తి పరీక్షలు పూర్తయ్యాకే ఇంటివారు ఒక నిశ్చయానికి రావాలి. ఆ నిశ్చయాన్ని రోగికి తెలిసే భాషలో, తట్టుకోగలిగిన మేరకు, ఒకటికి రెండుసార్లు చెప్పడం మేలు.

ఇక్కడ సామర్థ్యం అనే భావనను అర్థం చేసుకోవాలి. డిమెన్షియా ఉందని వైద్యుడు రాసినంత మాత్రాన ఆ వ్యక్తి నిర్ణయాలు తీసుకునే అర్హత ఆ రోజే పోదు. చికిత్స విషయంలో ఒక వ్యక్తికి సామర్థ్యం ఉన్నదీ లేనిదీ తేల్చడానికి 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, విషయాన్ని అర్థం చేసుకోవడాన్ని, పర్యవసానాన్ని గ్రహించడాన్ని, తన నిర్ణయాన్ని మాటతోనో సైగతోనో తెలియజేయడాన్ని కొలమానాలుగా పెట్టింది. సామర్థ్యం పనిని బట్టి, పూటను బట్టి కూడా మారుతుంది: భూమి అమ్మకపు లెక్కలు తేల్చుకోలేని వ్యక్తి తాను ఎవరి దగ్గర ఉండదలచుకున్నదీ స్పష్టంగా చెప్పగలుగుతాడు, సాయంత్రం వేళ తికమకపడే ఆమె ఉదయం కాఫీ తాగాక నిలకడగా మాట్లాడుతుంది. అందుకే ముఖ్యమైన సంభాషణలకు మనసు తేటగా ఉండే పూటను ఎంచుకోవాలి.

కుటుంబాలు అన్నిటికంటే ఎక్కువగా పొరబడే చోటు పవర్ ఆఫ్ అటార్నీ. తన తరఫున పనులు చేసే అధికారాన్ని ఒకరు మరొకరికి రాసి ఇచ్చే ఈ పత్రాన్ని తండ్రి చేత ముందే రాయించుకుంటే ఆయనకు మతి తప్పాక అక్కరకు వస్తుందని చాలామంది నమ్ముతారు. చట్టం చెప్పేది సరిగ్గా దీనికి విరుద్ధం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 201వ సెక్షన్ ప్రకారం, అధికారం ఇచ్చిన వ్యక్తి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం అంతటితో ముగిసిపోతుంది. అంటే ఏ రోజు కోసం ఆ పత్రాన్ని దాచుకున్నారో ఆ రోజే అది చెల్లకుండా పోతుంది. ఇంగ్లండులో 2005 నాటి మానసిక సామర్థ్య చట్టం, మతి తప్పిన తరువాత కూడా నిలిచి ఉండే అధికారపత్రానికి వీలు కల్పించింది, అమెరికా రాష్ట్రాల్లోనూ అటువంటి ఏర్పాటు ఉంది. ఆ దేశాల్లో స్థిరపడిన తెలుగువారు అక్కడ చూసిన పత్రం ఇక్కడా దొరుకుతుందనుకుని విలువైన కాలాన్ని పోగొట్టుకోవడానికి ఇదొక కారణం.

పైగా, మానసిక రోగి ఆస్తిని చూసుకునేందుకు జిల్లా కోర్టు ద్వారా ఒకరిని నియమించే వీలు 1987 నాటి పాత చట్టంలో ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2017 చట్టంలో అటువంటి అధ్యాయం లేదు. నేషనల్ ట్రస్టు చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహువైకల్యాలకే పరిమితం. దాంతో సామర్థ్యం పూర్తిగా పోయిన తల్లి పేరిట ఉన్న డిపాజిట్టును ఆమె వైద్యానికే వాడాలన్నా, ఆమెకు సంరక్షకులుగా నియమించమని పిల్లలు హైకోర్టులో రిట్ పిటిషన్ వేసుకోవలసి వస్తోంది. వృద్ధుల సంఖ్య ఏటేటా పెరుగుతున్న దేశంలో పార్లమెంటు పూడ్చవలసిన లోటు ఇది. అది పూడేలోగా ఇంటివారి చేతిలో ఉన్నది ముందుచూపు ఒక్కటే.

ఆ ముందుచూపులో మొదటిది వీలునామా. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, రాసే సమయానికి మనసు స్థిమితంగా ఉన్న వయోజనులెవరైనా వీలునామా రాయవచ్చు. ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి, రిజిస్ట్రేషన్ ఐచ్ఛికం. అయితే డిమెన్షియా నిర్ధారణ అయ్యాక రాసిన వీలునామా మీద తరువాత వివాదం రావడం సులభం కనుక, ఆస్తిలో వాటా లేని సాక్షులను ఎంచుకోవడం, ఆ వ్యక్తికి తాను రాస్తున్నది తెలుస్తోందని అదే రోజు వైద్యుడి చేత ధ్రువపత్రం తీసుకోవడం, సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో నమోదు చేయించడం మంచిది. రెండోది, బ్యాంకు ఖాతాను ఇద్దరిలో ఎవరైనా నడపగలిగే ఉమ్మడి ఖాతాగా మార్చి, ప్రతి డిపాజిట్టుకూ నామినీని రాయించడం. పింఛనుదారులైతే ఏటా నవంబరులో ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్ సంగతి ఎవరు చూసుకుంటారో కూడా అనుకుని ఉండాలి. డెబ్బై ఏళ్లు దాటినవారికి ఇంటి దగ్గరకే వచ్చి ముఖ్యమైన సేవలు అందించాలని రిజర్వు బ్యాంకు 2017లోనే బ్యాంకులకు సూచించింది. ఫోనులో ఓటీపీ అడిగినవారికి చెప్పేయడం తొలి దశ రోగుల విషయంలో నిజమైన ప్రమాదం కనుక, పెద్ద మొత్తాలున్న ఖాతాను ఆ ఫోను నుంచి వేరుచేసి, చేతిఖర్చుకు చిన్న ఖాతా ఒకటి ఆ వ్యక్తి దగ్గరే ఉంచితే డబ్బుకు భద్రత, మనిషికి మర్యాద రెండూ దక్కుతాయి.

ఇల్లు, పొలం ముందుగానే పిల్లల పేరిట దానపత్రం రాసివ్వడం మన ఇళ్లలో పరిపాటి. తొందరపడవలసిన విషయం కాదిది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007)లోని 23వ సెక్షన్ ప్రకారం, తనను చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చిన వృద్ధుడిని పుచ్చుకున్నవారు నిర్లక్ష్యం చేస్తే ఆ దానాన్ని రద్దు చేయించవచ్చు. ఆ షరతును దానపత్రంలోనే స్పష్టంగా రాయించడం క్షేమం. మన రాష్ట్రాల్లో ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్ ఈ ఫిర్యాదులను విచారిస్తుంది. మతి సడలిన వ్యక్తి చేత సంతకమో వేలిముద్రో వేయించుకుని ఆస్తి బదిలీ చేసుకోవడం, చేసినవారు ఎంత దగ్గరివారైనా, మోసమే.

కాగితాలు సర్దుకున్నాక అసలు ప్రశ్న మిగులుతుంది: ఆ వ్యక్తి ఎక్కడ ఉండాలి, చూసుకునేది ఎవరు. తల్లిదండ్రులను కొడుకులు వంతులవారీగా, నెలకొకరో ఆరు నెలలకొకరో, తమ ఇళ్లకు తీసుకువెళ్లే పద్ధతి తెలుగు కుటుంబాల్లో విస్తృతంగా ఉంది, కొన్నిచోట్ల భార్యాభర్తలను విడదీసి చెరొకరి దగ్గర ఉంచడం కూడా కనిపిస్తుంది. ఆరోగ్యవంతులకే కష్టమైన ఈ ఏర్పాటు డిమెన్షియా రోగికి నేరుగా హాని చేస్తుంది. అల్జీమర్స్‌లో మొదట దెబ్బతినేది కొత్తవాటిని గుర్తుంచుకునే శక్తి; నలభై ఏళ్లు తిరిగిన ఇంట్లో చీకట్లోనూ పెరట్లోకి దారి తెలిసిన మనిషికి, ఆరో అంతస్తు ఫ్లాటులో స్నానాలగది తలుపు ఎన్నిసార్లు చూపించినా గుర్తుండదు, ఆ గుర్తులేనితనమే భయంగా, కోపంగా, ఇంటికి వెళ్లిపోతానన్న పంతంగా బయటికి వస్తుంది. పెద్దలను ఒకచోట స్థిరంగా ఉంచి, వంతులు పిల్లలు వేసుకోవడం సాధ్యమైన ప్రతి ఇంట్లోనూ అదే సరైన పద్ధతి. దగ్గర ఉండలేనివారు తమ వాటాను ఖర్చు రూపంలో, ఏడాదికి ఇన్ని వారాలని ముందే ఒప్పుకున్న సెలవు రూపంలో భరించాలి.

ఆ ఒప్పందం నోటిమాటగా మిగిలిపోతే భారం ఎవరి మీద పడుతుందో అందరికీ తెలుసు. భార్య, కూతురు, కోడలు, ఈ ముగ్గురిలో ఒకరు ఉద్యోగం మానేసి, నిద్ర మానేసి, తమ ఆరోగ్యాన్ని పక్కనపెట్టి ఏళ్ల తరబడి సేవ చేయడాన్ని కుటుంబం సహజధర్మంగా తీసుకుంటుంది. రోగి సంరక్షణ ప్రణాళికలో చూసుకునే మనిషి విశ్రాంతికి చోటు లేకపోతే ఆ ప్రణాళిక మధ్యలోనే కూలిపోతుంది. పగటిపూట ఆయాను పెట్టుకోవడం, డే కేర్ కేంద్రం అందుబాటులో ఉంటే వారంలో కొన్ని రోజులు పంపడం, వృద్ధాశ్రమం అవసరపడవచ్చునన్న మాటను సిగ్గుపడకుండా ముందే చర్చించుకోవడం ఇందులో భాగం. కేరళలో 1992లో మొదలైన అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియాకు హైదరాబాదులోనూ శాఖ ఉంది. వృద్ధుల సమస్యలకు ఎల్డర్ లైన్ 14567, మానసిక సహాయానికి టెలీ మానస్ 14416 ఉన్నాయి. డెబ్బై ఏళ్లు దాటిన అందరికీ 2024లో విస్తరించిన ఆయుష్మాన్ భారత్ అయిదు లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్సకు వర్తిస్తుంది; డిమెన్షియాలో అసలు ఖర్చు మాత్రం ఆయా జీతం, డైపర్లు, మందుల రూపంలో ఇంట్లోనే, నెలనెలా అవుతుంది కనుక పొదుపు లెక్క దాన్ని బట్టే వేసుకోవాలి.

భాష సంగతి ఎవరూ ముందుగా ఆలోచించరు. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో వెలువరించిన పరిశోధన, రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు వాడేవారిలో డిమెన్షియా లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలవుతున్నాయని చూపి ప్రపంచమంతటా చర్చకు వచ్చింది. అంత మేలు చేసిన భాషల్లో తరువాత నేర్చుకున్నది ముందుగా జారిపోవడం చాలామంది రోగుల్లో కనిపిస్తుంది. డాలస్‌లోనో బెంగళూరులోనో కొడుకు దగ్గర ఉన్న విశ్రాంత ఉద్యోగి ఒక దశలో ఇంగ్లీషు వదిలేసి, చిన్ననాటి తెలుగులోనే ఆకలి, నొప్పి చెప్పుకుంటాడు. అప్పుడు పక్కన ఉండే మనిషికి ఆ మాట తెలియకపోతే నొప్పి మొండితనంగా కనిపిస్తుంది. ఆమెకు ఏ కూర ఇష్టం, ఏ వేళకు పూజ, ఏ పాట వింటే శాంతిస్తుంది, ఆయనను ఏ పేరుతో పిలిస్తే పలుకుతారు వంటివన్నీ తొలి దశలో వారినే అడిగి రాసి పెట్టుకున్న నోటుబుక్కు, తరువాత వచ్చే ప్రతి ఆయాకూ ప్రతి నర్సుకూ మందుల చీటీతో సమానంగా పనికివస్తుంది.

చివరి దశ గురించి మాట్లాడటాన్ని అపశకునంగా భావించడం వల్ల అతి కష్టమైన నిర్ణయాలు ఆసుపత్రి నడవాలో, నిమిషాల వ్యవధిలో తీసుకోవలసి వస్తోంది. వ్యాధి ముదిరాక మింగడం కష్టమవుతుంది. అన్నం, నీళ్లు శ్వాసనాళంలోకి జారి పదేపదే న్యుమోనియా వస్తుంది. ముక్కు ద్వారానో పొట్ట ద్వారానో గొట్టం అమర్చి ఆహారం పంపుదామా అన్న ప్రశ్న అప్పుడు ఎదురవుతుంది. ముదిరిన డిమెన్షియాలో గొట్టం ఆయుష్షును పెంచుతుందనడానికి గాని న్యుమోనియాను ఆపుతుందనడానికి గాని ఆధారాలు లేవని, ఓపికగా చేత్తో కొద్దికొద్దిగా తినిపించడమే మేలని అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ సూచిస్తోంది. రోగి గొట్టాన్ని పీకేయకుండా చేతులు కట్టవలసి రావడాన్ని కూడా ఇంటివారు తూచుకోవాలి. బాధను తగ్గించి, సౌఖ్యాన్ని చూసే ఉపశమన వైద్యం ఇటువంటి వేళ వైద్యం మానేయడం ఎంతమాత్రం కాదు. నొప్పికి మందు, పుండ్లు పడకుండా పక్కమీద ఒత్తిగిలించడం, ఎండిన నోటిని తడపడం వంటి పనుల్లో అదీ శ్రద్ధగా చేసే వైద్యమే.

కోలుకునే ఆశ లేని స్థితిలో తనకు వెంటిలేటర్ వంటివి వద్దని ముందుగానే రాసుకునే పత్రాన్ని ముందస్తు వైద్య ఆదేశమంటారు. సుప్రీంకోర్టు 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో దీనికి గుర్తింపునిచ్చింది. మేజిస్ట్రేటు సంతకం కావాలన్న నిబంధన వల్ల ఆచరణ కష్టమైనందున 2023 జనవరిలో దాన్ని సడలించి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి నోటరీతోనో గెజిటెడ్ అధికారితోనో ధ్రువీకరింపజేస్తే చాలన్నది. తాను చెప్పలేని స్థితిలో తన తరఫున మాట్లాడవలసినవారి పేర్లను కూడా అందులో రాయవచ్చు. సామర్థ్యం ఉన్న రోజుల్లో మాత్రమే రాయగలిగిన పత్రం ఇది. రాశాక బీరువా అడుగున పెట్టి తాళం వేస్తే పనికిరాదు. ఒక నకలు రోజూ చూసే వైద్యుడి ఫైలులో, మరొకటి దూరాన ఉన్న పిల్లల ఫోనులో, ఇంకొకటి రాత్రి రెండు గంటలకు అంబులెన్సు ఎక్కే మనిషి చేతికి వెంటనే అందే చోట, మందుల సంచిలోనే, ఉండాలి.