నామమునుండి క్రియకు: ప్రోగ్రాములలో నిర్దేశపట్టిక

కంప్యూటరు ప్రోగ్రామునందు సమాచారమును, దానిపై జరుపదగిన క్రియలను ఒక్కచోట కూర్చినచో దానికి ఆబ్జెక్టు అని పేరు. ఆ క్రియలకు మెథడులని వ్యవహారము. నడుపవలసిన మెథడు ప్రోగ్రాము వ్రాయునప్పుడే తెలిసినచో చిక్కు లేదు. బయటినుండి వచ్చు పదమునుబట్టి అది తేలవలసినప్పుడు నిర్ణయోపాయమేది? ఇదియే ప్రకృతవిచారము.

గ్రంథాలయపు ప్రోగ్రామునకు 'ఇమ్ము', 'చేర్చు', 'వెదకు' అను మూడాజ్ఞలు కలవనుకొందము. వచ్చిన పదమును ఒక్కొక్కదానితో వరుసగా పోల్చి చూచుట మొదటి మార్గము. ఆజ్ఞలు 30 అయినచో పోలికలును అన్నియే కావలసివచ్చును. రెండవ మార్గము నిర్దేశపట్టిక, అనగా డిస్పాచ్ టేబుల్. ఇందు ఒకవైపు పదము, రెండవవైపు దానికి చెల్లు మెథడు ఉండును. పైథాన్ భాషలో డిక్షనరీ, పెర్ల్ భాషలో హాష్ ఇందుకు సాధనములు. క్రొత్త ఆజ్ఞకు ఒక్క పంక్తి చేర్చిన చాలును.

ఇట నొక శంక. పైథాన్‌లో గెట్ఆట్టర్ అను ఫంక్షనునకు ఆబ్జెక్టును, పేరును అందించినచో ఆ పేరుగల మెథడును తానే తెచ్చి యిచ్చును గదా, పట్టిక యేల? సమాధానము: అది అడిగినదెల్ల ఇచ్చుటయే దోషము. లోపలి పనికై 'చెరుపు' అను మెథడు ఉన్నచో, బయటివారెవరైన ఆ పదము టైపు చేసినంతనే గ్రంథసూచి నశింపవచ్చును. పట్టికలో లేని పదమునకు 'ఇట్టి ఆజ్ఞ లేదు' అనియే సమాధానము. కావున పట్టిక అధికారనిర్ణయమును గూడ చేయుచున్నది.

పట్టికలో ఉంచవలసినదేమి అనునది రెండవ విచారము. అచ్చుపుస్తకములను పేరునుబట్టి వెదకు క్లాసు ఒకటి, దానినుండి పుట్టిన తాళపత్రక్లాసు వేరొకటి కలవనుకొందము. పేరు లేని తాళపత్రప్రతులు పెక్కులు. వానిని ఆరంభవాక్యమునుబట్టి వెదకవలెను. పట్టికలో తల్లిక్లాసు మెథడునే నేరుగా బంధించినచో తాళపత్రములకును అదియే నడచును, ఉన్న ప్రతియు దొరకదు. మెథడు పేరు నుంచి, పిలుచు వేళ ఆబ్జెక్టునందు వెదకించినచో పిల్లక్లాసుది ముందుగా దొరకును. లేనిచో తల్లిది ప్రవర్తించును. సీ ప్లస్ ప్లస్ భాషలో వర్చ్యువల్ ఫంక్షనులకు ఇట్టి పట్టికను సాధారణముగా కంపైలరే క్లాసునకొక్కటిగా నిర్మించును.

వ్యాకరణజ్ఞులకు ఈ క్రమము పరిచితమే. అవర్ణమునకు అచ్చు పరమైనచో గుణము ఉత్సర్గము. ఏచ్చు పరమైనచో వృద్ధి అపవాదము. అందుచే దేవేంద్రశబ్దమున గుణము, ఏకైకశబ్దమున వృద్ధి కలిగినవి. అపవాదమున్న చోట ఉత్సర్గము తొలగును.

పదము నెవరైన పంపవచ్చును. దానికి క్రియాధికారము కలదో లేదో పట్టిక తేల్చవలెను. ఆ క్రియ యొక్క స్వరూపమును ఆబ్జెక్టు తేల్చవలెను. ఈ రెండును వేరుగా నిలిపినచో సూచియు చెడదు, ప్రతియు మరుగుపడదు.